వేరు నైజర్ ఒడ్డున ఉంది: అలీ ఫార్కా తూరే సంగీతం వెనుక కథ

మాలీ దేశపు గాయకుడు, గిటారిస్టు అలీ ఫార్కా తూరేను పాశ్చాత్య పత్రికలు చాలాకాలం ‘ఆఫ్రికా జాన్ లీ హుకర్’ అని పిలిచాయి. అమెరికా నల్లజాతివారి బ్లూస్ సంగీతంలో అంత పెద్ద పేరున్న కళాకారుడితో పోల్చడం గౌరవమేనని రాసినవారు భావించి ఉండవచ్చు గానీ, తూరేకు ఆ పోలిక రుచించలేదు. చెట్టు వేరూ మొదలూ మాలీలో ఉన్నాయని, అమెరికాకు చేరినవి కొమ్మలూ ఆకులేనని ఆయన వాదించేవారు. ఆ మాటను సొంత ఊరిపై అభిమానంగా కొట్టిపారేయకుండా, ఆయన పుట్టిపెరిగిన చోటును, బతికిన కాలాన్ని దగ్గరగా చూడవలసి ఉంది.

తూరే 1939లో ఉత్తర మాలీలోని కనావు గ్రామంలో పుట్టారు. తండ్రి ఫ్రెంచి సైన్యంలో పనిచేస్తూ మరణించాక కుటుంబం నైజర్ నది ఒడ్డునే ఉన్న నియాఫుంకేకు చేరింది. ఆయన తల్లికి పదో సంతానం; అంతకుముందు పుట్టిన తొమ్మిదిమందీ పసితనంలోనే పోయారు. అందుకే మొండిగా బతికే జంతువు పేరైన ‘ఫార్కా’, అంటే గాడిద, ఆయనకు ముద్దుపేరైంది. పిల్లలు దక్కని ఇంట తర్వాతి బిడ్డకు పెంటయ్య అనో పెంటమ్మ అనో పేరు పెట్టే ఆచారం ఎరిగిన తెలుగువారికి ఆ తల్లి భయం వేరుగా వివరించనక్కరలేదు.

1591లో సొంఘాయ్ రాజ్యాన్ని ఓడించిన మొరాకో సైనికుల సంతతిని అక్కడ ‘అర్మా’ అంటారు. తూరేది ఆ వంశం. పశ్చిమాఫ్రికాలోని ఈ ప్రాంతాల్లో పాడటం, వాయించడం తరతరాలుగా కొన్ని కులాల వృత్తి కాబట్టి, ఉన్నత వంశంలో పుట్టినవాడు వాయిద్యం పట్టడం ఇంట్లోవారికి నచ్చలేదు. అయినా నదిలో ఉంటాయని జనం నమ్మే ఆత్మలను పిలిచే కొలువుల్లో వినిపించే సంగీతం ఆ పిల్లవాడిని పట్టి లాగింది. ఒంటితీగ వాయిద్యమైన జుర్కెల్‌నూ, ఒంటితీగ ఫిడేలు లాంటి ఞార్కానూ ఆయన చిన్ననాడే నేర్చుకున్నారు. 1956లో గినీ కళాకారుడు కెయితా ఫొదేబా ప్రదర్శన చూశాక గిటారు మీదికి మనసు మళ్లింది. ఒంటితీగ మీద అలవాటైన పలుకులనే ఆయన ఆరు తీగల మీదికి తెచ్చారు. ఒకే స్వరాన్ని ఆధారంగా పట్టుకుని చిన్న పదబంధాలను మళ్లీ మళ్లీ తిప్పే ఆ వాయించే పద్ధతి ఆయనకు అలా వచ్చిందే తప్ప గ్రామఫోను రికార్డులు విని నేర్చుకున్నది కాదు.

1960లో స్వాతంత్ర్యం వచ్చాక మాలీ ప్రభుత్వం ప్రాంతీయ కళాబృందాలను పోషించింది. నియాఫుంకే బృందాన్ని నడిపిన తూరే 1968లో బల్గేరియా రాజధాని సోఫియాలో జరిగిన ఉత్సవానికి వెళ్లి, తన తొలి సొంత గిటారును అక్కడే కొనుక్కున్నారు. హుకర్ పాటలు విన్నదీ ఆ రోజుల్లోనే. వినగానే అది తమాషెక్ (సహారా ఎడారి తువారెగ్ జనుల భాష) సంగీతమనుకున్నానని, ఇక్కడి సొత్తు అక్కడెలా చేరిందని ఆశ్చర్యపోయానని ఆయన తరవాత చెప్పుకున్నారు. పశ్చిమాఫ్రికా నుంచి బానిసలుగా తరలించబడినవారితో సంగీతమూ సముద్రం దాటిందని పాల్ ఆలివర్, గెర్హార్డ్ కుబిక్ వంటి పరిశోధకులు తమ తమ పద్ధతుల్లో చర్చించారు. శతాబ్దాల ప్రయాణంలో అది ఎంతగా మారిందో ఎవరూ కొలిచి చెప్పలేరు. అమెరికా రికార్డులను తూరే ఇష్టంగా విన్నమాటా నిజమే. అయినా మూలం పక్కన నిలిచినవాడికి శాఖ పేరు తగిలించడం తలకిందుల వ్యవహారమని నా అభిప్రాయం.

1970లలో ఆయన మాలీ రాజధాని బమాకోలోని రేడియో మాలీలో సౌండ్ ఇంజినీరుగా పనిచేస్తూ చేసిన రికార్డింగులు పారిస్‌లో ఎల్పీలుగా వచ్చాయి. 1987లో లండన్‌కు చెందిన వరల్డ్ సర్క్యూట్ సంస్థ ద్వారా ఆయన పేరు ఐరోపాకు తెలిసింది. మన మోహనవీణ విద్వాంసుడు విశ్వమోహన్ భట్‌తో కలిసి వాయించి 1994లో గ్రామీ అందుకున్న అమెరికన్ గిటారిస్టు రై కూడర్, తూరేతో చేసిన ‘టాకింగ్ టింబక్టూ’కు మరుసటి ఏడాదే మళ్లీ ఆ పురస్కారం పొందారు.

అంత పేరు వచ్చాక తూరే పొలానికి తిరిగి వెళ్లిపోయారు. తాను ముందు రైతునని ఆయన పదేపదే చెప్పేవారు. సంగీతంతో వచ్చిన డబ్బును నీటి పంపులకూ సాగుకూ పెట్టారు. 1999 నాటి ‘నియాఫుంకే’ ఆల్బమ్ కోసం రికార్డింగు సామగ్రే ఆయన ఊరికి రావలసి వచ్చింది. పాడుబడిన భవనంలో జనరేటరు పెట్టుకుని రికార్డు చేశారు. 2004లో ఆయన ఆ ఊరి మేయరయ్యారు. కోరా అనే పశ్చిమాఫ్రికా తీగవాయిద్యంలో విద్వాంసుడైన తుమానీ జబాతేతో చేసిన ఆల్బమ్‌కు రెండో గ్రామీ వచ్చిన కొద్ది వారాలకే, 2006 మార్చిలో, ఎముకల క్యాన్సర్‌తో బమాకోలో కన్నుమూశారు.

వంశం ఒకప్పుడు తనను అడ్డుకున్నట్టే ఆయన కూడా కొడుకు వియూ ఫార్కా తూరే సంగీతంలోకి రావడాన్ని మొదట వద్దన్నారు. చివరికి ఒప్పుకుని, కొడుకు తొలి ఆల్బమ్‌లో తానూ వాయించారు. 2012లో ఉత్తర మాలీ సాయుధ ఇస్లామిక్ గుంపుల చేతికి చిక్కినప్పుడు నియాఫుంకే కూడా వారి అధీనంలోకి వెళ్లింది. వారు సంగీతాన్ని నిషేధించారు, వాయిద్యాలను ధ్వంసం చేశారు; పాటగాళ్లు బమాకోకూ పొరుగు దేశాలకూ వలసపోయారు.