కుక్క పడుకున్న చోట తడి: డాక్టరు దగ్గరికి వెళ్లేముందు చూసుకోవలసినవి

ఇన్నేళ్లూ బయటికి వెళ్తే తప్ప మూత్రం పోయని ఆడకుక్క, నిద్ర లేచి వెళ్లాక పడుకున్న చోట అరచేతంత తడి వదిలిందంటే తిట్టి లాభం లేదు. కారిన సంగతే దానికి తెలియదు. డాక్టరు ముందుగా తేల్చుకునేది కూడా అదే: కుక్క పోస్తోందా, దానంతటదే కారుతోందా?

పోసే కుక్క కూర్చుంటుంది, లేదా కాలెత్తుతుంది. మాటిమాటికీ కూర్చుని, ముక్కుతూ కొంచెం కొంచెం పోస్తుంటే, అందులో రక్తపు జీర ఉంటే, ఇన్‌ఫెక్షన్‌నో రాళ్లనో అనుమానించాలి. మనుషులు దగ్గరికి రాగానే తోక ముడిచి పోసేది భయంవల్ల. నిద్రలోనో, నడుస్తూ నడుస్తూనో చుక్కలు రాలితే అది కారడం. దీన్ని మాటల్లో చెప్పేకన్నా ఫోన్‌లో వీడియో తీసి చూపించండి, సగం ప్రశ్నలు తగ్గుతాయి.

తర్వాత నీళ్ల లెక్క. ఉదయం గిన్నెలో కొలిచి పోసి, మర్నాడు అదే వేళకు మిగిలింది కొలిచి, పోసినదాంట్లోంచి తీసేయండి. రెండుమూడు రోజులు చూస్తే సగటు తెలుస్తుంది. కిలో బరువుకు రోజుకు 100 మిల్లీలీటర్లు దాటితే, అంటే 20 కిలోల కుక్క 2 లీటర్లకు మించి తాగితే, అది మామూలు దాహం కాదు. షుగరు, కిడ్నీ జబ్బు, కుషింగ్స్ (ఒంట్లో కార్టిసాల్ హార్మోను ఎక్కువయ్యే జబ్బు), ఆపరేషన్ కాని ఆడకుక్కలో గర్భసంచిలో చీము, ఇవన్నీ దాహం పెంచుతాయి. స్టెరాయిడ్లు, ఫిట్స్‌కి వాడే ఫినోబార్బిటాల్ కూడా అంతే. మూత్రసంచి పొంగిపోతుంటే మూత్రద్వారం బిగువు బాగున్నా కారుతుంది. అలాగని నీళ్లు తగ్గించడం పెద్ద తప్పు, కిడ్నీ జబ్బున్న కుక్కకైతే ప్రాణం మీదికి వస్తుంది.

ఉదయం మొదటి మూత్రాన్ని శుభ్రమైన వెడల్పు గిన్నెలో పట్టి, గంటలోపు ఇవ్వాలి. ఆలస్యమైతే ఫ్రిజ్‌లో పెట్టి, ఎన్ని గంటలు పెట్టారో చెప్పండి. చల్లబడితే లేని స్ఫటికాలు పుట్టుకొస్తాయి. నీటితో పోల్చిన మూత్రం సాంద్రత 1.030 దాటితే కిడ్నీలు మూత్రాన్ని బాగానే చిక్కబరుస్తున్నట్టు. అది ఎప్పుడు చూసినా 1.008 నుంచి 1.012 మధ్యే ఉంటే ఆ పని జరగడం లేదేమోనని చూడాలి. కల్చర్‌కు, అంటే మూత్రంలోని క్రిములను పెంచి చూసే పరీక్షకు మాత్రం ఈ నమూనా పనికిరాదు. అల్ట్రాసౌండ్ చూస్తూ సన్నని సూదితో మూత్రసంచి నుంచే తీస్తారు. వినడానికి భయంగా ఉన్నా క్షణాల్లో అయిపోతుంది. దానికి ముందే యాంటీబయాటిక్ మొదలుపెడితే కల్చర్‌లో ఏమీ పెరగకపోవచ్చు, తర్వాత చేసేదంతా ఊహే.

ఇవన్నీ సరిగ్గా ఉండి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిన మధ్యస్థ, పెద్ద జాతి ఆడకుక్క నిద్రలో కారుస్తుంటే, ఎక్కువసార్లు తప్పు మూత్రద్వారాన్ని మూసి ఉంచే కండరం బిగువుదే. అండాశయాలు పోయాక ఈస్ట్రోజన్ హార్మోను తగ్గి, అరిగిన వాషరున్న కుళాయిలా ఆ కండరం పట్టు సడలుతుంది. ఆపరేషన్ అయిన నెలలకైనా, ఏళ్లకైనా బయటపడవచ్చు. పడుకున్నప్పుడు పొట్ట ఒత్తిడి సంచి మీద పడటంవల్ల అప్పుడే కారుతుంది.

ఫినైల్‌ప్రోపనాలమైన్ అనే మందు ఆ కండరాన్ని బిగిస్తుంది. కిలోకు 1 నుంచి 1.5 మిల్లీగ్రాములు, రోజుకు రెండు మూడుసార్లు ఇస్తారు. బీపీ పెంచుతుంది కాబట్టి గుండెజబ్బు ఉంటే ముందే చెప్పాలి, బీపీ చూపించాలి. ఈస్ట్రోజన్ రకానికి చెందిన ఎస్ట్రియాల్ మాత్రకు బరువుతో పని లేదు. సాధారణంగా రోజుకు 2 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, తడి ఆగాక డాక్టరు మోతాదు తగ్గిస్తూ వస్తారు. మనుషుల జలుబు మాత్రలు మాత్రం ఇవ్వకండి; వాటిలోని సూడోఎఫిడ్రిన్ కుక్కకు విషం. మందుతో ఆగిన తడి మళ్లీ వస్తే మోతాదు పెంచేముందు ఇన్‌ఫెక్షన్ ఉందేమో చూడాలి.

పుట్టినప్పటినుంచీ నిత్యం తడిగా ఉండే కూనది వేరే కథ. కిడ్నీ నుంచి వచ్చే గొట్టం సంచిలోకి కాక దాని దిగువన తెరుచుకుని ఉండవచ్చు. దాన్ని స్కాన్‌తోనో కెమెరా గొట్టంతోనో కనిపెట్టి, ఆపరేషన్‌తోనో లేజర్‌తోనో సరిచేస్తారు. దానికి మాత్రలు చాలవు. తడితోపాటు వెనక కాళ్లు తడబడితే వెన్నుపాము వైపు చూడాలి.

కుక్క ముక్కుతున్నా ధార రాకపోతే, పొట్ట గట్టిగా ఉంటే, చుక్కలు రాలుతున్నా సరే దారి మూసుకుపోయినట్టే అనుకోండి. మగకుక్కల్లో ఇది ఎక్కువ. అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా వెంటనే తీసుకెళ్లాలి.