పెద్దవాళ్ల ఆత్మహత్యలు: పోలీసు కేసు భయం నుంచి ఓపీ చీటీ దాకా

గుంటూరు కొత్తపేటలోనో, విజయవాడ సూర్యారావుపేటలోనో ఏ డాక్టరు గది ముందు చూసినా, డెబ్బై దాటినవాళ్లు పాత చీటీల కవరు పట్టుకుని కూర్చుని ఉంటారు. మోకాళ్ల నొప్పులు, నిద్ర పట్టదు, అన్నం సయించదు. బీపీ చూస్తారు, షుగర్ పరీక్ష రాస్తారు. బతకాలనిపిస్తోందా అని మాత్రం అడగరు. ప్రాణం తీసుకున్న వృద్ధుల్లో చాలామంది అంతకు కొన్ని వారాల ముందే ఏదో ఒక డాక్టరును కలిశారని అనేక దేశాల అధ్యయనాల్లో తేలింది.

అడగని అలవాటు వెనక చట్టం ఉంది. 1860 నాటి శిక్షాస్మృతిలోని 309వ సెక్షన్ ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసి, ఏడాది దాకా జైలు అంది. జైలుకు వెళ్లినవాళ్లు తక్కువే. అసలు నష్టం ఆసుపత్రి గుమ్మంలో జరిగింది. "మాకెందుకు పోలీసు గొడవ, జీజీహెచ్‌కి (ప్రభుత్వ పెద్దాసుపత్రికి) తీసుకుపోండి" అనే నర్సింగ్ హోములు, "పొరపాటున జరిగింది" అని రాయించే బంధువులు. పొరపాటని రాశాక మానసిక వైద్యుడి దాకా ఎవరు పంపుతారు? పోలీసు తంతు కోసం చికిత్స ఆపొద్దని సుప్రీంకోర్టు 1989లోనే చెప్పినా ఆ భయం పోలేదు.

సెక్షన్ తీసేయమని లా కమిషన్ 1971లో సిఫారసు చేసింది. 1978లో రాజ్యసభ ఆమోదించిన బిల్లు లోక్‌సభ రద్దుతో మురిగిపోయింది. 1994లో సుప్రీంకోర్టు సెక్షన్‌ను కొట్టేసింది, 1996లో అదే కోర్టు మళ్లీ నిలబెట్టింది. చివరికి 2017 మానసిక ఆరోగ్య చట్టం, ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే భావించి శిక్ష బదులు వైద్యం ఇవ్వాలంది. 2024 జూలైలో వచ్చిన కొత్త శిక్షాస్మృతిలో 309 లేదు. ప్రభుత్వోద్యోగి మీద ఒత్తిడి తేవడానికి చేసే ఆత్మహత్యాయత్నం మాత్రం ఇప్పటికీ నేరమే.

వైద్యం కథ వేరు. 1982లో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం, 1996లో దాని జిల్లా రూపం వచ్చాయి. మొదట్లో వాటి చూపు ఎక్కువగా తీవ్రమైన మానసిక జబ్బుల మీదే. వృద్ధుల ఆరోగ్య కార్యక్రమం 2010లో మొదలై, జిల్లా ఆసుపత్రిలో పది పడకల వార్డు ఉండాలంది. మనసు ఒక గది, వయసు ఇంకో గది. రెండింటి మధ్యా తిరగాల్సింది మాత్రం కర్ర పట్టుకుని నడిచే మనిషి.

"కాలూ చెయ్యీ ఆడుతుండగానే పోతే చాలు" అన్న మాట మన ఇళ్లలో ఎంత మామూలంటే, ఎప్పుడు నిజంగా అంటున్నారో పట్టుకోలేం. వయసుకి దిగులు సహజమని వదిలేయడం తప్పని నా అభిప్రాయం. థైరాయిడ్, బీ12 లోపం, పక్షవాతం తర్వాత వచ్చే కుంగుబాటు, వీటన్నిటికీ చికిత్స ఉంది. పిల్లలు అమెరికాలో ఉన్న ఇంటికి నెలనెలా తప్పకుండా వచ్చేది ఒకటో తారీఖున పింఛను తెచ్చే గ్రామ, వార్డు సచివాలయ ఉద్యోగే అయితే, ఆ రెండు నిమిషాల్లో ఒక ప్రశ్న అడగమని నేర్పడం పెద్ద ఖర్చేమీ కాదు.

అడిగితే ఆత్మహత్య ఆలోచన పుడుతుందన్నది అపోహ. 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలిమానస్ 14416కి ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడొచ్చు. కుటుంబసభ్యులూ చేయొచ్చు. వృద్ధుల సహాయానికి 14567, ప్రాణాపాయమైతే 108.