అపోహలు – వాస్తవాలు: స్టోరేజ్‌కు వెళ్లే రెండో దారి, దాని అప్‌డేట్లు

లినక్స్ సర్వర్లు, వాటికి డిస్కులను అందించే స్టోరేజ్. 12 ఏళ్లుగా నా పని ఈ రెండింటి మధ్యనే. ఈ పనిలో జనం అన్నిటికంటే ఎక్కువగా భయపడేది మల్టీపాత్ అప్‌డేట్‌కే, అంటే సర్వర్ నుంచి స్టోరేజ్‌కు ఉన్న పలు దారులను ఒకటిగా చూపే సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌కే. ఆ భయంలో కొంత న్యాయముంది. కానీ భయపడాల్సిన చోటు ఒకటైతే భయపడుతున్నది మరొక చోట అని నాకు అనిపిస్తుంది.

ముందుగా ఏర్పాటు ఎలా ఉంటుందో చెబుతాను. సర్వర్‌లో రెండు హెచ్‌బీఏ (సర్వర్‌ను స్టోరేజ్‌కు కలిపే కార్డు) పోర్టులు ఉంటాయి. వాటి నుంచి రెండు వేర్వేరు ఫైబర్ ఛానల్ (స్టోరేజ్ కోసం వాడే నెట్‌వర్క్) స్విచ్‌లకు కేబుళ్లు వెళ్తాయి. అటువైపు స్టోరేజ్‌లో రెండు కంట్రోలర్లు. ఒక్కో పోర్టు నుంచి రెండు కంట్రోలర్లకూ దారి ఉంటే, ఒకే లన్ (స్టోరేజ్ నుంచి సర్వర్‌కు ఇచ్చిన డిస్కు) లినక్స్ కేంద్ర భాగమైన కెర్నెల్‌కు నాలుగు డిస్కులుగా కనిపిస్తుంది: ఎస్‌డీబీ, ఎస్‌డీసీ, ఎస్‌డీడీ, ఎస్‌డీఈ. నాలుగింటికీ గుర్తింపు సంఖ్య ఒకటేనని గమనించి, వాటిని ఒకే పేరు కిందికి చేర్చి డేటాబేస్‌కు అందించేది డివైస్ మ్యాపర్ మల్టీపాత్.

అపోహ: రెండు దారులున్నాయి, అప్‌డేట్‌లో ఒకటి పోయినా రెండోది కాపాడుతుంది

రెండోది ఉంటే కాపాడుతుంది. ఉందో లేదో ఈ రోజు చూశారా? ఒక దారి తెగిపోయినా డేటాబేస్‌కు తెలియకుండా చూడటమే మల్టీపాత్ పని. అది పని సరిగ్గా చేసినంత కాలం, తెగిపోయిన సంగతి మనకూ తెలియదు.

ఒక సంస్థలో రాత్రి 11 గంటలకు మొదటి స్విచ్‌కు ఫర్మ్‌వేర్ అప్‌డేట్ పెట్టుకున్నాం. స్విచ్ రీబూట్ అవుతుంది, ఆ కాసేపు బరువంతా రెండో స్విచ్ మోస్తుంది అన్నది లెక్క. మొదలుపెట్టే ముందు ప్రతి సర్వర్‌లోనూ దారుల జాబితా చూపే 'మల్టీపాత్ -ఎల్‌ఎల్' ఆదేశం ఇచ్చి చూడటం నా అలవాటు. జీతాల డేటాబేస్ ఉన్న సర్వర్‌లో ప్రతి లన్ కిందా వరుసలన్నీ 'యాక్టివ్ రెడీ రన్నింగ్' అనే చూపించాయి. ఎక్కడా 'ఫెయిల్డ్' లేదు, 'ఫాల్టీ' లేదు. పక్కనున్న సహోద్యోగి అంతా బాగుందన్నారు. నేను వరుసలు లెక్కపెట్టాను. నాలుగు ఉండాల్సిన చోట రెండే ఉన్నాయి, ఆ రెండూ మేము రీబూట్ చేయబోతున్న స్విచ్ గుండా వెళ్లేవే.

మిగతా రెండూ తెగినట్లు ఎందుకు కనిపించలేదో తెలుసుకోవడం చాలా అవసరం. ఫైబర్ ఛానల్‌లో అవతలి పోర్టు కనిపించకుండా పోతే కెర్నెల్ కొంతసేపు ఎదురుచూస్తుంది. ఆ వ్యవధిని నిర్ణయించే అమరిక పేరు డెవ్ లాస్ టైమవుట్. అది దాటితే ఆ పోర్టు గుండా వచ్చిన డిస్కులను కెర్నెల్ జాబితా నుంచే తీసేస్తుంది. అప్పుడు ఆ దారి చెడిపోయిన దారిగా కాదు, అసలు ఎన్నడూ లేని దారిగా మారిపోతుంది. తెరమీద మిగిలేవి ఆరోగ్యంగా ఉన్న రెండు వరుసలే. ఎన్ని ఉండాలో ముందే రాసి పెట్టుకున్నవారికి తప్ప మరెవరికీ అనుమానం రాదు.

ఆ రాత్రి అప్‌డేట్ ఆపేశాం. నెలల క్రితం ర్యాక్‌లో వేరే పనికోసం ఎవరో ప్యాచ్ ప్యానెల్‌లో కేబుల్‌ను పక్క పోర్టుకు మార్చి అలాగే వదిలేశారు. సరిచేయడానికి 20 నిమిషాలు కూడా పట్టలేదు. ఆ లెక్క చూడకుండా ముందుకు వెళ్లి ఉంటే ఏమయ్యేదో ఇప్పటికీ తలచుకుంటూ ఉంటాను.

ఇంకో మాట. రెండు పోర్టులూ ఒకే కార్డు మీద ఉంటే ఆ కార్డు పోయిననాడు రెండు దారులూ ఒకేసారి పోతాయి. రెండు స్విచ్‌లకూ ఒకే చోటి నుంచి కరెంటు వస్తుంటే అదీ అంతే.

అపోహ: మల్టీపాత్‌డీని రీస్టార్ట్ చేస్తే డేటాబేస్ ఆగిపోతుంది

ఈ భయంతోనే ప్యాకేజీని ఏళ్ల తరబడి ముట్టుకోని సర్వర్లు చాలా చూశాను. డేటాను మోసేది కెర్నెల్‌లోని భాగం. మల్టీపాత్‌డీ అనేది కాపలా ప్రోగ్రామ్ మాత్రమే. ఒక్కో దారినీ కొన్ని సెకన్లకోసారి పరీక్షించడం, తెగినదాన్ని గుర్తించడం, బాగైనదాన్ని మళ్లీ వాడుకలోకి తేవడం దాని పని. కాలువలో నీళ్లు పారడానికి లస్కరు గట్టు మీద నిలబడి ఉండనక్కర్లేదు. తూము పూడిపోయినప్పుడు, గండి పడినప్పుడు అతను కావాలి.

రీస్టార్ట్ అయ్యే ఆ కొద్ది సెకన్లలో ఏదైనా దారిలో లోపం వస్తే కెర్నెలే దాన్ని పక్కన పెట్టి, అదే అభ్యర్థనను మరో దారిలో పంపుతుంది. అయితే బాగుపడిన దారిని తిరిగి చేర్చేవారు ఆ కాసేపు ఉండరు. పైగా మల్టీపాత్‌డీ ఆగినప్పుడు, దారులన్నీ పోతే అభ్యర్థనలను వరుసలో నిలిపి ఉంచే సదుపాయం మామూలు అమరికల్లో ఆగిపోతుంది. కాబట్టి దారులు పడుతూ లేస్తూ ఉన్నప్పుడు రీస్టార్ట్ జోలికి వెళ్లకూడదు. అన్నీ నిలకడగా ఉన్నప్పుడు పట్టపగలే చేయవచ్చు, నేను చేస్తాను.

అపోహ: ప్యాకేజీ అప్‌డేట్ అయింది, పని పూర్తయింది

నా ఉద్దేశంలో అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఇదే.

మల్టీపాత్ మూడు చోట్ల ఉంటుంది. ప్యాకేజీలో వచ్చే మల్టీపాత్‌డీ ఒకటి. రెడ్ హ్యాట్ కుటుంబపు లినక్స్‌లో ఆ ప్యాకేజీని డివైస్ మ్యాపర్ మల్టీపాత్ అనీ, డెబియన్, ఉబుంటు, సూసేలలో మల్టీపాత్ టూల్స్ అనీ అంటారు. రెండోది కెర్నెల్‌తో పాటు వచ్చే మాడ్యూల్, కొత్త కెర్నెల్ వేసినా రీబూట్ చేసేదాకా నడిచేది పాతదే. మూడోది, అందరూ మరిచిపోయేది, ఇనిట్రామ్‌ఎఫ్‌ఎస్. సర్వర్ బూట్ అవుతున్న మొదటి క్షణాల్లో, అసలు రూట్ ఫైల్‌సిస్టమ్ (సిస్టమ్ ఫైళ్లు ఉండే చోటు) అందుబాటులోకి రాకముందు వాడే చిన్న ఇమేజ్ అది. రూట్ డిస్కు కూడా స్టోరేజ్ నుంచే వస్తుంటే మల్టీపాత్ కాన్ఫిగరేషన్ ఫైలు నకలు, గుర్తింపు సంఖ్యల జాబితా నకలు అందులో ఉంటాయి. అసలు ఫైలును మార్చినంత మాత్రాన నకలు మారదు.

దీని ఫలితం ఎలా ఉంటుందో చూడండి. బూట్ సమయంలో ఇమేజ్‌లోని పాత జాబితాలో ఈ లన్ లేదు. మల్టీపాత్ దాన్ని పట్టుకోలేదు. వెనుకనే వచ్చిన ఎల్‌వీఎం (డిస్కులను వాల్యూమ్‌లుగా విభజించే భాగం) మొదట కనిపించిన ఎస్‌డీఏను నేరుగా వాడేసుకుంది. తర్వాత మల్టీపాత్‌డీ లేచినా అప్పటికే వాడుకలో ఉన్న డిస్కును తన కిందికి తెచ్చుకోలేదు. సర్వర్ చక్కగా లేచింది, అప్లికేషన్లు నడుస్తున్నాయి, ఫిర్యాదులు లేవు. డిస్కుల జాబితా చూపే 'ఎల్‌ఎస్‌బీఎల్‌కే' కొట్టి చూస్తే మాత్రం తేడా తెలుస్తుంది. మామూలుగా ఎస్‌డీఏ కింద ఎంపాత్‌ఏ (మల్టీపాత్ ఇచ్చే ఉమ్మడి పేరు), దాని కింద వాల్యూమ్ ఉండాలి, ఎస్‌డీబీ కిందా అదే ఎంపాత్‌ఏ కనిపించాలి. ఇక్కడ ఎస్‌డీఏ కింద నేరుగా వాల్యూమ్ ఉంటుంది, ఎస్‌డీబీ కింద ఏమీ ఉండదు. అంటే నాలుగు కేబుళ్లకు డబ్బు కట్టి ఒకే దారి మీద నడుస్తున్నట్లు.

అందుకే కాన్ఫిగరేషన్ ముట్టుకున్న ప్రతిసారీ ఇమేజ్‌ను తిరిగి తయారు చేయాలి. రెడ్ హ్యాట్, సూసేలలో డ్రాకట్‌తో, డెబియన్, ఉబుంటులలో అప్‌డేట్-ఇనిట్రామ్‌ఎఫ్‌ఎస్‌తో. రీబూట్ అయ్యాక 'ఎల్‌ఎస్‌బీఎల్‌కే' చూడకుండా పని ముగిసిందని రాయకండి.

అపోహ: కాన్ఫిగరేషన్ ఫైలు స్టోరేజ్ కంపెనీ ఇచ్చింది, దాన్ని కదిలించకూడదు

ఇచ్చిన రోజుకు అది సరైనదే. ఏ స్టోరేజ్‌కు ఏ అమరికలు సరిపోతాయో చెప్పే పట్టిక మల్టీపాత్‌లోనే ఉంటుంది, అప్‌డేట్లతో పాటు అదీ మెరుగవుతుంది. కానీ మీ ఫైలులో రాసి ఉన్న మాట ఆ పట్టిక మీద గెలుస్తుంది. రెడ్ హ్యాట్ 6లో దారుల మధ్య పని పంచే మామూలు పద్ధతి రౌండ్ రాబిన్, అంటే వంతులవారీగా. రెడ్ హ్యాట్ 7 నుంచి అది సర్వీస్ టైమ్‌గా మారింది, ఏ దారిలో పని త్వరగా ముగుస్తుందో అంచనా వేసి అటు పంపుతుంది. ఆరులో రాసిన ఫైలును ఏడుకు, ఎనిమిదికి మోసుకుపోయినవారి సర్వర్లు ఇప్పటికీ వంతులే వేస్తున్నాయి. గెట్‌యూఐడీ కాలవుట్ లాంటి కాలం చెల్లిన అమరికలు కూడా అలాంటి ఫైళ్లలో నాకు ఎదురవుతూనే ఉన్నాయి.

'మల్టీపాత్‌డీ షో కాన్ఫిగ్' ఆదేశం నిజంగా అమల్లో ఉన్నదేమిటో చూపిస్తుంది. దాన్నీ, మీ ఫైలునూ, స్టోరేజ్ తయారీదారు తాజా పత్రాన్నీ పక్కపక్కన పెట్టుకోండి. అవసరమైన నాలుగు వరుసలు ఉంచి మిగతావి తీసేయడమే మేలని నా అభిప్రాయం. 200 వరుసల ఫైలులో ఏ వరుస ఎందుకుందో చెప్పగలిగిన మనిషిని నేను ఇంతవరకు చూడలేదు.

అపోహ: దారులన్నీ పోతే అభ్యర్థనలను ఎంతసేపైనా ఆపి ఉంచడమే క్షేమం

నో పాత్ రీట్రై అనే అమరికకు 'క్యూ' అని రాస్తే జరిగేది అదే. స్టోరేజ్ తిరిగి వచ్చేదాకా ప్రోగ్రామ్‌లు కదలకుండా ఉండిపోతాయి. కిల్ ఆదేశానికి లొంగవు, అన్‌మౌంట్ కాదు, షట్‌డౌన్ కూడా మధ్యలో నిలిచిపోతుంది. క్లస్టర్ (ఒకటి పడితే మరొకటి పని అందుకునే సర్వర్ల జట్టు) అయితే ఈ సర్వర్ బతికే ఉందని నమ్మి రెండో సర్వర్‌కు పని అప్పగించడం ఆలస్యం చేయవచ్చు. 'ఫెయిల్' అని రాస్తే ఆఖరి దారి పోయిన వెంటనే లోపం పైకి వెళ్తుంది, ఫైల్‌సిస్టమ్ రీడ్ ఓన్లీ అయిపోవచ్చు. మధ్యేమార్గం ఒక సంఖ్య రాయడం. పరీక్షల మధ్య వ్యవధి 5 సెకన్లుండి, నో పాత్ రీట్రై 12 అయితే 60 సెకన్లు ఆగుతుంది. స్టోరేజ్ కంట్రోలర్ అప్‌డేట్‌కు ముందు, మీ స్టోరేజ్ ఒక కంట్రోలర్ నుంచి మరో కంట్రోలర్‌కు మారడానికి ఎంతసేపు తీసుకుంటుందో తయారీదారును అడిగి, ఈ సంఖ్యను దానికంటే ఎక్కువగా ఉంచండి.

అపోహ: ఇది లోపలి నెట్‌వర్క్, దీనికి భద్రతా అప్‌డేట్లు అక్కర్లేదు

మల్టీపాత్‌డీ రూట్ అధికారంతో, అంటే సర్వర్ మీద పూర్తి అధికారంతో నడుస్తుంది. 2022 అక్టోబరులో భద్రతా సంస్థ క్వాలిస్ పరిశోధకులు అందులో రెండు లోపాలు బయటపెట్టారు, వాటి నమోదు సంఖ్యలు: సీవీఈ-2022-41974, సీవీఈ-2022-41973. రూట్ మాత్రమే ఇవ్వాల్సిన ఆదేశాలను మొదటి లోపం వల్ల సర్వర్‌లో ఖాతా ఉన్న మామూలు వాడుకదారు కూడా ఇవ్వగలిగేవాడు. స్నాప్‌డీ అనే ప్యాకేజీల ప్రోగ్రామ్‌లోని మరో లోపంతో ఈ రెండింటినీ కలిపి ఉబుంటు సర్వర్‌లో పూర్తి రూట్ అధికారం సంపాదించవచ్చని అదే ఏడాది చూపించారు. స్టోరేజ్‌కు సంబంధించిన ప్యాకేజీ కదా అని అప్‌డేట్ల జాబితా నుంచి దీన్ని మినహాయించి ఉంటే, ఆ మినహాయింపును ఈ వారమే తీసేయండి.

అపోహ: ఎన్ని దారులుంటే అంత వేగం

చాలా స్టోరేజ్‌లలో ఒక లన్‌కు ఒక కంట్రోలరే సొంతదారు. రెండో కంట్రోలర్ గుండా వెళ్తే చుట్టుదారి అవుతుంది. అందుకే ప్రాధాన్యాన్ని బట్టి దారులను గుంపులు చేయాలి, అన్నింటినీ ఒకే గుంపులో వేస్తే సగం పని చుట్టుదారిలో పోతుంది. లన్‌కు నాలుగు దారులు చాలు. పదహారు పెడితే బూట్ ఆలస్యమవుతుంది, లోపం వచ్చిననాడు వెతకడం కష్టమవుతుంది.

అపోహ: ఎన్‌వీఎంఈ వచ్చినా పద్ధతి మారదు

మారింది. ఎన్‌వీఎంఈ అంటే ఫ్లాష్ డిస్కులతో మాట్లాడే కొత్త పద్ధతి. రెడ్ హ్యాట్ 8లో ఎన్‌వీఎంఈ డిస్కులకు కూడా మామూలుగా డివైస్ మ్యాపర్ మల్టీపాతే ఉండేది. రెడ్ హ్యాట్ 9లో కెర్నెల్‌లోని ఎన్‌వీఎంఈ భాగమే దారులను చూసుకుంటుంది. డిస్కు పేర్లు మారతాయి, దారులను చూసే ఆదేశమూ మారుతుంది, 'ఎన్‌వీఎంఈ లిస్ట్-సబ్‌సిస్' వాడాలి. పాత పేర్లను స్క్రిప్టుల్లో నేరుగా రాసుకున్నవారు ఎనిమిది నుంచి తొమ్మిదికి వెళ్లేముందు వాటన్నింటినీ వెతికి పట్టుకోవాలి.

చివరగా నేను పరీక్షించే పద్ధతి చెబుతాను. ముందు పరీక్షల సర్వర్‌లో అప్‌డేట్ వేస్తాను. వరుసలు లెక్కపెడతాను. డిస్కు మీద రాత పని నడుస్తుండగా ఒక కేబుల్‌ను చేత్తో లాగేస్తాను, రాత ఎన్ని సెకన్లు ఆగిందో రాసుకుంటాను. తిరిగి పెట్టి, నాలుగు వరుసలూ వచ్చేదాకా కదలను. తర్వాత రెండో కేబుల్. పెట్టే ముందు ఫైబర్ కొసను ప్రతిసారీ క్లీనర్‌తో తుడుస్తాను. దారి పడుతూ లేస్తూ ఉందని వచ్చిన ఫిర్యాదుల్లో కొన్నింటికి, అప్‌డేట్‌తో ఏ సంబంధమూ లేకుండా, ఆ కొస మీది దుమ్మే కారణమని తేలింది.