కయీను గురుతు, ఆపిల్ పండు, నోవహు కాకి: కొన్ని అపోహలు - వాస్తవాలు

సండే స్కూలులో పాత నిబంధన పాఠాలు చెప్పడం మొదలుపెట్టి ఇరవై రెండేళ్లు దాటింది. ఈ వేసవి వి.బి.ఎస్. (సెలవుల బైబిలు పాఠశాల)లో కూడా, ఆదికాండము తెరవకముందే ఆపిల్ పండు గురించి, ఆదాము ప్రక్కటెముక గురించి చేతులు లేచాయి. పెద్దలు అడిగేవీ అవే ప్రశ్నలు. పిల్లలు నవ్వుతూ అడుగుతారు, పెద్దలు గొంతు తగ్గించి అడుగుతారు.

చిన్నవి ముందే తేల్చేస్తాను. ఆదాము, హవ్వ తిన్నది ఆపిల్ అని మూడవ అధ్యాయంలో ఎక్కడా లేదు. లాటిన్‌లో చెడుకూ ఆపిల్‌కూ ఒకేలా వినిపించే 'మాలుం' అనే మాట ఉండడం, ఐరోపా చిత్రకారులు ఆ పండునే గీస్తూ పోవడం దానిని సండే స్కూలులో బొమ్మలు అంటించే మన ఫ్లానెల్ బోర్డు దాకా తెచ్చాయి. ఆ అధ్యాయంలో మనం పోల్చుకోగల చెట్టు అంజూరం ఒక్కటే, అదీ కచ్చడాలు కుట్టుకోవడానికి (ఆ మాట చదివాక తరగతిని మళ్లీ దారిలోకి తేవడానికి పది నిమిషాలు పడుతుంది). ఇక ఆదాము ప్రక్కటెముకతో దేవుడు హవ్వను చేశాడు కాబట్టి మగవారికి ఒక ఎముక తక్కువ అంటారు, కానీ ప్రక్కటెముకలు మగవారికీ ఆడవారికీ 12 జతలే. తండ్రికి వేలు తెగితే కొడుకు తొమ్మిది వేళ్లతో పుట్టడు కదా.

నాకు నవ్వు రాని అపోహ ఒకటి ఉంది. కొన్నేళ్ల క్రితం ఒక యువతి తన మూడు నెలల బిడ్డను ఆశీర్వాద ప్రార్థనకు తీసుకువచ్చి, ఎండాకాలంలో కూడా బిడ్డ తలమీది ఉన్ని టోపీ తీయనివ్వలేదు. నుదుటి మీద ఎర్రటి పుట్టుమచ్చ ఉంది. అది 'కయీను గురుతు' అనీ, వంశంలో ఎవరో చేసిన హత్యకు శాపమనీ పొరుగావిడ చెప్పిందట. ఇలాంటి మాటలు పుట్టించేవారు నాలుగో అధ్యాయం పదిహేనో వచనం ఒక్కసారైనా చదివి ఉంటే నాకింత కోపం వచ్చేది కాదు. తమ్ముడు హేబెలును చంపిన కయీనుకు శిక్ష అంతకుముందే పడింది: నేల పంట ఇవ్వదు, అతడు దేశదిమ్మరి అవుతాడు. నన్ను కనుగొన్నవాడు చంపుతాడని అతడు మొరపెట్టుకున్నాకే, ఎవరూ చంపకుండా ఉండేందుకు దేవుడు ఆ గురుతు వేశాడు. అంటే అది రక్షణ చిహ్నమే తప్ప శాపముద్ర కాదు. హెబ్రీలో అక్కడున్న 'ఓత్' అనే మాటే తొమ్మిదవ అధ్యాయంలో దేవుడు నోవహుతో చేసిన నిబంధనకు గుర్తైన ఇంద్రధనుస్సుకూ వాడారు. ఆ గురుతు ఎలా ఉందో, శరీరంలో ఎక్కడ ఉందో, సంతానానికి సంక్రమిస్తుందో వచనం చెప్పదు. అయినా అమెరికాలో కొందరు బోధకులు దానిని నల్లని చర్మమని చెప్పి బానిసత్వాన్ని సమర్థించారు. నోవహు కొడుకు హాము మీద పడిందనే శాపాన్నీ అలాగే వాడుకున్నారు, అక్కడ నోవహు శపించింది హామును కాదు, హాము కొడుకు కనానును. నేను ఆ వచనం చదివి వినిపించి, మచ్చను పిల్లల డాక్టరుకు చూపించమని చెప్పాను. ఆమె వచనాన్ని తానే వేలు పెట్టి రెండుసార్లు చదువుకుని, ఆ తరువాత టోపీ తీసింది.

బైబిలులో అందరికన్నా ఎక్కువ కాలం బతికిన, నోవహు తాత మెతూషెల లెక్క పిల్లలకు ఇష్టం. 187వ ఏట లెమెకును కన్నాడు, లెమెకు 182వ ఏట నోవహును కన్నాడు, నోవహు 600వ ఏట జలప్రళయం వచ్చింది. కూడితే 969, సరిగ్గా మెతూషెల ఆయుష్షు. ప్రాచీన గ్రీకు అనువాదంలో మొదటి సంఖ్య 167గా, రెండవది 188గా ఉండడంతో ఆయన ఓడ ఎక్కకుండానే ప్రళయం తరువాత 14 ఏళ్లు బతికినట్టు తేలుతుంది. తొలి శతాబ్దాల క్రైస్తవ పండితుడు అగస్టీను అంతటివాడు దాని గురించి తర్జనభర్జన పడ్డాడు.

నోవహు ఓడ వెడల్పు 50 మూరలు. మూరంటే మోచేతి నుంచి నడిమి వేలి కొన దాకా అని చెప్పి, చర్చి ఆవరణలో తాడుతో కొలవమన్నాను. పిల్లల చేతులు పొట్టివి కాబట్టి ఓడ బాగా ఇరుకైపోయింది. మల్లెపూలు అమ్మే ఆమె మూర కంటే కొనే ఆమె మూర ఎప్పుడూ పొడవేనని ఒక అమ్మాయి అన్నది. మూర కొలతలో ఉన్న చిక్కును అంత చక్కగా నేను ఎన్నడూ చెప్పలేకపోయాను.

చివరగా నా తప్పు. ఒక క్విజ్‌లో ప్రళయం తరువాత నోవహు ఓడ నుంచి మొదట ఏ పక్షిని పంపాడని అడిగితే ఒక బాలుడు 'కాకి' అన్నాడు. నేను పావురమని సరిదిద్ది మార్కు కొట్టేశాను. ఇంటికి వెళ్లి ఎనిమిదవ అధ్యాయం ఏడో వచనం చూస్తే కాకే ఉంది. మరుసటి ఆదివారం అందరి ముందూ ఒప్పుకున్నాను గాని, గెలిచిన జట్టు అప్పటికే బహుమతి చాక్లెట్లు తినేసింది.