డివైడర్ దాకా వచ్చి ఆగిన సైకిల్

పాల క్యాన్లతో రోడ్డు దాటుతున్న సైకిల్‌ను లారీ ఢీకొట్టడం, ఊరివాళ్లు రాస్తారోకోకు దిగడం, పోలీసులు నచ్చజెప్పి పంపడం, మర్నాడు జిల్లా పేజీలో ‘గుర్తు తెలియని వాహనం’ అంటూ నాలుగు వాక్యాల వార్త రావడం ఉత్తర తెలంగాణలో కొత్తేమీ కాదు. వరంగల్–కరీంనగర్ రోడ్డు విస్తరణతో ఆ నాలుగు వాక్యాల వెనకున్న పాత పేచీ మళ్లీ రాజుకుంది. డివైడర్‌లో ఏ ఊరికి దారి వదలాలి, ఏ ఊరికి మూసేయాలి? మూసేస్తే సైకిల్ ఎటు పోవాలి?

అజంజాహి బట్టల మిల్లు కూత వేస్తే సైకిళ్లు బారులు తీరిన వరంగల్ గురించి చాలామంది రాశారు. చేతిలో నాలుగు డబ్బులు ఆడగానే జనం బైకులెక్కడమూ అందరూ చూసిందే. ఆ కథ వదిలేద్దాం. నా లెక్కలో అసలు మలుపు 2016.

యాదగిరి నుంచి వరంగల్ దాకా సుమారు వంద కిలోమీటర్ల రోడ్డును నాలుగు వరుసలుగా మార్చే పనికి శంకుస్థాపన జరిగింది ఆ ఏడాదే. ఒకప్పటి 202, ఇప్పటి 163 నంబరు జాతీయ రహదారి ఇది. రెండు వరుసలుగా ఉన్నప్పుడు దాన్ని ఎక్కడ పడితే అక్కడ దాటేవాళ్లు. ప్రమాదాలు అప్పుడూ జరిగేవి, కాదనను. విస్తరణతో జనగామకు బైపాస్ వచ్చింది, ప్రయాణ సమయం తగ్గింది, హైదరాబాద్ వెళ్లొచ్చే మనందరం సంతోషించాం. రోడ్డుకు ఇటు ఇల్లు, అటు పొలం ఉన్న మనిషికి మాత్రం మధ్యలో డివైడర్ లేచింది.

ఆ డివైడర్‌ను కారు అద్దంలోంచి కాకుండా ఒకసారి దిగి చూడాలి. గన్నేరు మొక్కల వరుసలో ఉన్నట్టుండి ఒక సందు కనిపిస్తుంది, సరిగ్గా సైకిల్ హ్యాండిల్ పట్టేంత. అంచు రాయి విరిగి ఉంటుంది. మట్టి తొక్కుడుకు గట్టిపడి నున్నగా మెరుస్తుంటుంది. చక్రం ఎక్కడానికి వీలుగా ఎవరో ఒక బండ ముక్క కూడా వేసి ఉంటారు. ఇంజనీర్ల భాషలో అది అక్రమ క్రాసింగ్. ఊరివాళ్లకు అది తాతల నాటి బాట, మధ్యలో వచ్చింది డివైడరే.

అధికారుల వాదన పొట్టిది, చట్టం ప్రకారం తప్పూ కాదు. యూటర్న్ ఇచ్చాం, అక్కడే తిరగాలి, చీకట్లో లైటు లేకుండా రాంగ్ రూట్‌లో వస్తే మేమేం చేస్తాం అంటారు. అడిగిన ప్రతి ఊరికీ సందు వదిలితే అవన్నీ కొత్త గండాలవుతాయన్నదీ నిజమే.

ఊరి వాదనకు కాస్త కూడికలు కావాలి. యూటర్న్ కిలోమీటరున్నర దూరంలో ఉందనుకుందాం. పొలం కళ్లెదుటే కనిపిస్తున్నా పోను ఒకటిన్నర, రాను ఒకటిన్నర. చెరోపక్క ఇరవై లీటర్ల క్యాను వేలాడే సైకిల్‌కు అది పావుగంట పైమాటే. పోనీ అక్కడ తిరగడం సుఖమా? యూటర్న్ చేరాలంటే ఎడమ అంచు వదిలి, టిప్పర్లు, గ్రానైట్ లారీలు దూసుకొచ్చే వరుసలకు అడ్డంగా కుడి అంచుకు జరగాలి. బరువుకు సైకిల్ ఊగుతుంది. వెనక్కి తిరిగి చూస్తే హ్యాండిల్ పక్కకు లాగుతుంది. దానికన్నా ఇంటి ముందున్న సందు దగ్గర దిగి, నెట్టుకుంటూ దాటడమే మేలనిపిస్తుంది. ఒక వైపు రెండు వరుసలు దాటడానికి ఆరేడు సెకన్లు పడుతుంది. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వచ్చే లారీ ఆలోపు దాదాపు నూటయాభై మీటర్లు వచ్చేస్తుంది. తెల్లవారుజామున హెడ్‌లైట్లను చూసి ఆ దూరం అంచనా వేయడం కుర్రవాళ్లకే కష్టం, అరవై దాటిన పాలాయనకు ఇంకెంత? రెండు గండాల్లో దగ్గరదాన్ని ఎంచుకున్న మనిషిని నిర్లక్ష్యపరుడు అనడానికి నాకు నోరు రాదు.

ఆ ఎనభై కూడా ఉల్లంఘన కాదు. డివైడర్ ఉన్న నాలుగు వరుసల రోడ్లపై కార్లకు 100, సరుకు వాహనాలకు 80 కిలోమీటర్ల గరిష్ఠ వేగాన్ని కేంద్రం 2018లో ఖాయం చేసింది. మనుషులు, వాహనాలు కలిసి తిరిగేచోట 30కి మించకూడదని రోడ్డు భద్రతపై 2020 నాటి స్టాక్‌హోమ్ అంతర్జాతీయ ప్రకటన చెప్పింది. మన ఊళ్ల దగ్గర ఆ రెండు రోడ్లూ ఒక్కటే.

సైకిల్‌కు నియమాలు లేకపోలేదు. రోడ్ల ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1962లోనే సైకిల్ దారుల నియమావళి రాసింది. అందులోని కొలత ఇది: గంటకు 200కు మించి మోటారు వాహనాలు తిరిగే రోడ్డు మీద కూడా, రద్దీ వేళ గంటకు 100 సైకిళ్లు పోతేనే విడి దారి సబబు. తెల్లవారుజామున పదో పదిహేనో సైకిళ్లు దాటే ఊరికి ఆ అంకె ఎప్పటికి వస్తుంది? 2015లో నియమావళిని సవరించారు గానీ, తక్కువ మంది ఉన్నారని లెక్కలోంచి తీసేసే అలవాటు పోలేదు. ట్రాఫిక్ సర్వేలో కారు ఒక యూనిట్ అయితే సైకిల్ అర యూనిట్. టోల్‌గేట్ దగ్గర దానికి రుసుము లేదు కాబట్టి రసీదూ లేదు. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోతే అందులో సైకిల్ తొక్కేవాళ్లు మూడు శాతం లోపే. ఆ ‘లోపే’ అన్న మాట దగ్గరే ఫైలు మూతపడుతుంది.

చనిపోయాక లెక్కలోకి రావడమూ తేలిక కాదు. అర కిలోమీటరు నిడివిలో మూడేళ్లలో ఐదు తీవ్ర ప్రమాదాలో పది మరణాలో నమోదైతేనే ఆ చోటు బ్లాక్ స్పాట్, అంటే సర్కారు ఒప్పుకున్న ప్రమాదాల చోటు. ఒక్కో ఊరి దగ్గర ఏడాదికి ఒక్కరు చొప్పున పోతే ఏ ఊరూ ఆ జాబితాకు ఎక్కదు.

ఇక కోతల కాలం. సైకిల్‌కు మిగిలిందే తెల్లగీత అవతలి అంచు. అక్కడ వడ్లు ఆరబోసి, చుట్టూ రాళ్లు పేరుస్తారు. సైకిల్ మళ్లీ లారీల వరుసలోకి ఎక్కాల్సిందే. రైతును తిట్టి లాభం లేదు, ఆరబోయడానికి చోటేది? ఉపాధి హామీ నిధులతో కట్టిన కల్లాలకు ఖర్చయిన సుమారు 150 కోట్ల రూపాయలు తిరిగి కట్టాలని కేంద్రం అడగడం, 2022 డిసెంబరులో దానిపై ధర్నాలు జరగడం గుర్తుండే ఉంటుంది. అదంతా రాజకీయ వార్తగానే పోయింది. సైకిల్ చావుకు దానితో ఉన్న సంబంధం ఎవరికీ తట్టలేదు.

వరంగల్ నగరం స్మార్ట్ సిటీల జాబితాలో చేరిందీ 2016లోనే. వేకువన హెల్మెట్లు పెట్టుకుని భద్రకాళి చెరువు బండ్ వైపు సాగే సైకిళ్లు ముచ్చటగానే ఉంటాయి. పాల క్యాన్లు మాత్రం ఆ దారిన రావు.

2023 జులై 8న ప్రధాని వరంగల్‌లో రెండు రోడ్లకు శంకుస్థాపన చేశారు. మంచిర్యాల–వరంగల్ మార్గం పొలాల మధ్య నుంచి కొత్తగా వేసేది, దాని సమస్యలు వేరు. 68 కిలోమీటర్ల కరీంనగర్–వరంగల్ రోడ్డు, అంటే 563 నంబరు జాతీయ రహదారి, అలా కాదు. హసన్‌పర్తి, ఎల్కతుర్తి, హుజూరాబాద్, మానకొండూరు మీదుగా జనం తరతరాలుగా నడిచిన దారి అది. ఊరికి రెండు వైపులా తెగకుండా సాగే సర్వీసు రోడ్డు, ట్రాక్టరూ సైకిలూ దూరేంత చిన్న అండర్‌పాస్ ఉంటే డివైడర్‌ను ఎవరూ పగలగొట్టరు. మట్టికట్ట పోసేటప్పుడైతే అది ఆ కట్టలో కలిసిపోయే పని. తారు పడ్డాక అదే అండర్‌పాస్ కావాలంటే ఆ చోటు బ్లాక్ స్పాట్ అని ముందు తేలాలి. అంటే మూడేళ్లలో ఐదు ప్రమాదాలు.