బండి మీద సోలార్, బండిలో ఆక్సిజన్ మెషిన్: అపోహలు - వాస్తవాలు

హనుమకొండలో వ్యాన్లకు, మోటార్‌హోమ్‌లకు సోలార్ బిగించే పని మాది. మేడారం జాతర దగ్గరపడిందంటే ఇదే అడుగుతారు: "అన్నా, అమ్మకు ఆక్సిజన్ మెషిన్ ఉంది. పైన రెండు ప్యానెళ్లు వేస్తే అక్కడ నాలుగు రోజులు నడుస్తదా?"

అపోహ: ఎండ ఉంటే ఏ మెషిన్ అయినా నడుస్తుంది.

వాస్తవం: ముందు లెక్క చూడాలి. ఇళ్లలో వాడే 5 లీటర్ల కాన్సన్‌ట్రేటర్ (గాలి నుంచి ఆక్సిజన్ తీసి నిమిషానికి 5 లీటర్ల దాకా ఇచ్చే మెషిన్) దాదాపు 350 వాట్లు లాగుతుంది. రాత్రిపూట 8 గంటల సేపు నడిపితేనే 2.8 యూనిట్లు, రోజంతా అయితే 8 యూనిట్లు దాటుతుంది. బండి పైకప్పు మీద పడుకోబెట్టి బిగించిన 400 వాట్ల ప్యానెళ్లు జాతర నెలల్లో రోజుకు ఇచ్చేది సుమారు 1.5 యూనిట్లు. అంటే ఒక్క రాత్రికి కూడా చాలదు. పైగా మేడారం దగ్గర తాడ్వాయి వైపు చల్లగా ఉందని చెట్టు కింద బండి ఆపుతారు. ప్యానెల్ మీద కొంత భాగం నీడ పడినా కరెంటు బాగా పడిపోతుంది. గురక జబ్బుకు వాడే సీప్యాప్ సంగతి వేరు. తేమ పెట్టే హీటర్ ఆపేస్తే చాలా మెషిన్లు 30 నుంచి 60 వాట్లతో నడుస్తాయి, వాటికి సోలార్ చక్కగా సరిపోతుంది. ఆక్సిజన్ మెషిన్ ఉన్నవాళ్లకు మాత్రం, సోలార్‌తో పాటు బండి నడిచేటప్పుడు ఛార్జ్ అయ్యే ఏర్పాటు, ఊళ్లో ప్లగ్ దొరికే బస కూడా ఉండాలని ముఖం మీదే చెబుతాను.

అపోహ: 5 లీటర్ల నుంచి 2 లీటర్లకు తగ్గిస్తే కరెంటు మిగులుతుంది.

వాస్తవం: ఇంటి మెషిన్లలో చాలావాటికి కంప్రెసర్ ఒకే వేగంతో తిరుగుతుంది, కరెంటు పెద్దగా తగ్గదు. తగ్గేది మనిషికి అందే ఆక్సిజన్. డాక్టర్ రాసిన లీటర్లను బ్యాటరీ కోసం మార్చకండి, దయచేసి.

అపోహ: 12 వోల్ట్ల 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్) బ్యాటరీ అంటే 1.8 యూనిట్లు వాడుకోవచ్చు.

వాస్తవం: ట్యూబులర్ బ్యాటరీలో (ఇళ్ల ఇన్వర్టర్లకు పెట్టే లెడ్ యాసిడ్ రకం) సగమే వాడాలి, లేకపోతే తొందరగా పాడవుతుంది. లిథియం ఫాస్ఫేట్ అయితే 80 శాతం దాకా వాడుకోవచ్చు. ఇన్వర్టర్ మాత్రం ఇంటి కరెంటులాంటి కరెంటే ఇచ్చే ప్యూర్ సైన్ వేవ్‌ది తీసుకోండి. స్క్వేర్ వేవ్‌తో కంప్రెసర్ వేడెక్కుతుంది.

అపోహ: మే నెలలో ఇంకా మంచిది.

వాస్తవం: రామగుండం ఎండల్లో ప్యానెల్ 65 డిగ్రీలకు చేరితే దాని సత్తా 15 శాతం దాకా తగ్గుతుంది. చాలా కాన్సన్‌ట్రేటర్లు 40 డిగ్రీల వరకే పనిచేసేలా తయారవుతాయి. మూసిన బండి లోపల అంతకు మించిన వేడి ఉంటుంది. ఇన్సులిన్ కూడా ఆ వేడికి పాడవుతుంది.

ఇంకొకటి ఎవరూ అడగరు, నేనే చెబుతాను. ఆక్సిజన్ నడుస్తున్న బండిలో గ్యాస్ స్టవ్ వెలిగించకూడదు, అగరుబత్తి కూడా వద్దు. వంట బయట, దూరంగా చేసుకోండి.

బ్యాటరీ ఎంత పెద్దదైనా పక్కన సిలిండర్ ఉండాలి. బీ టైప్ సిలిండర్‌లో దాదాపు 1500 లీటర్లు పడుతుంది, నిమిషానికి 2 లీటర్ల చొప్పున 12 గంటలు వస్తుంది. నిలబెట్టి బెల్టుతో గట్టిగా కట్టి, రెగ్యులేటర్, పైపు బిగించి బయలుదేరే ముందే ఒకసారి తెరిచి చూసుకోండి.