గోడ తెంచుకుంటేనే పెరుగుతుంది

ప్రియమైన పిల్లలూ,

బాక్టీరియా గోడను పుస్తకాల్లో ఒక గీతగా గీసి వదిలేస్తారు. అసలు సంగతంతా ఆ గీతలోనే ఉంది, అందుకే ఈ ఉత్తరం.

ఆ గోడ పేరు పెప్టిడోగ్లైకాన్. రెండు రకాల చక్కెరలు ఒకదాని పక్కన ఒకటి చేరి పొడవాటి పోగులవుతాయి. అమైనో ఆమ్లాల పొట్టి గొలుసులు ఆ పోగులకు అడ్డంగా ముళ్లు వేస్తాయి. కణం చుట్టూ బిగించి అల్లిన సంచి అన్నమాట. లోపలి నీరు ఎప్పుడూ బయటికి తోస్తూనే ఉంటుంది కాబట్టి, సంచి తెగితే కణం పగిలిపోతుంది.

మరి అంత బిగువు సంచిలో ఉన్న జీవి పెరిగేదెలా? పరిస్థితులు బాగుంటే, మన పేగుల్లో ఉండే ఈ.కోలై అనే బాక్టీరియా 20 నిమిషాలకోసారి రెండవుతుంది. ఆ లోపే సంచీ రెట్టింపు కావాలి. కొత్త పోగుకు చోటు కావాలంటే పాత ముడి విప్పాలి. అందుకని తన గోడను తెంచే ఎంజైములను బాక్టీరియా తానే తయారుచేసుకుంటుంది! ఈ.కోలైలో ఇవి ఇరవైకి పైనే ఉన్నాయి. కొన్ని చక్కెర పోగును తెంచుతాయి. అమిడేజులు పోగు నుంచి అమైనో ఆమ్లాల గొలుసును ఊడదీస్తాయి. అవి లేకపోతే పిల్లకణాలు విడిపోలేక దండలా అతుక్కుని ఉండిపోతాయి. ఎండోపెప్టిడేజులు అడ్డముళ్లు విప్పుతాయి.

నన్ను బాగా ఆకట్టుకున్నవి ఈ చివరివే. హైదరాబాద్‌లోని సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థలో మంజులా రెడ్డి బృందం 2012లో ప్రచురించిన పనిలో, ఈ.కోలైకి ఇలాంటి మూడు ఎంజైములూ లేకుండా చేసి చూశారు. కొత్త గోడ చేరడం ఆగిపోయింది, కణాలు పగిలిపోయాయి. తెంచేవి లేకపోతే గోడ ఇంకా గట్టిపడాలని మనకు తోస్తుంది కదా? జరిగింది దానికి పూర్తిగా వ్యతిరేకం.

తెగిన ముక్కలు కూడా వృథా పోవు. ఒక తరంలో ఈ.కోలై తన గోడలో దాదాపు సగాన్ని ఊడదీసి, చాలామటుకు లోపలికి తీసుకుని మళ్లీ వాడుకుంటుంది.

ఇక పెన్సిలిన్. అది గోడను తెంచదు, ముళ్లు వేసే ఎంజైములను పట్టి ఆపేస్తుంది. తెంచేవి మాత్రం పని మానవు, అందుకే కణం పగిలిపోతుంది. 1970లో అలెగ్జాండర్ టోమాజ్, ఆయన సహచరులు న్యుమోనియా తెచ్చే న్యుమోకాకస్ బాక్టీరియాలో తెంచే ఎంజైము మందగించిన రకాన్ని పరీక్షించారు. పెన్సిలిన్ తగిలితే అది పెరగడం మానేసింది, కానీ పగిలిపోలేదు.

ఆశీస్సులతో,
మీ తాతయ్య